పచ్చిక మీదుగా

గోడకు అవతల డిప్యూటీ కోడీ ఏడుస్తున్నాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, వెక్కి వెక్కి. ఇంకెవరైనా విని దగ్గు అనుకునేవారు. కానీ పంతొమ్మిదేళ్ళుగా షెరీఫ్ ఆఫీసులో రేడియో ముందు కూర్చుని మనుషుల్ని గొంతును బట్టే పోల్చుకుంటున్న మార్లిస్ పొరపాటు పడే వీల్లేదు. కోర్టు గది తలుపు మూసి ఉంది. బయట నడవాలో ఒకటే బెంచీ, దాని మీద ఇద్దరే మనుషులు, మార్లిస్, ఆమె తల్లి ఈవ్‌లిన్. కోడీ తర్వాత పిలుపు మార్లిస్‌దే. పదకొండు లోపల పిలుస్తామన్నారు, గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. లోపల ఏడుగురు జూరీ సభ్యులు కూర్చుని ఆమె తమ్ముడు లైల్ ఎలా పోయాడో తేలుస్తున్నారు. పోలీసుల చేతిలో ఎవరు పోయినా ఇలా అందరి ముందూ విచారణ జరగాలని ఇక్కడి చట్టం. ఆమెను అడగబోయేది నిజానికి ఒకే ఒక్క ప్రశ్న. నవంబరులో ఆ ఆదివారం డిప్యూటీల కంప్యూటర్ తెర మీద కనబడిన ఆ మూడు మాటలు ఎవరివి? జవాబు కచ్చితంగా తెలిసినవాళ్ళు ఇద్దరే ఉండాలి. ఒకరు మార్లిస్. రెండో మనిషి పక్కనే కూర్చుని చేతిసంచీలో పిప్పరమెంట్ల కోసం వెతుక్కుంటోంది.

"ఒకటి వేసుకో మార్లీ. గొంతు ఎండిపోతుంది లోపల."

"వద్దమ్మా."

"నీకోసమే తెచ్చాను. నా పళ్ళకి ఇవి ఎక్కడ పనికొస్తాయి?"

పిప్పరమెంటు అరచేతిలోనే మెత్తబడుతోంది. నడవా చివరి కిటికీలోంచి కోర్టు వెనక స్థలం కనిపిస్తుంది, అటు చూడకూడదని పొద్దున కారు దిగినప్పుడే అనుకుంది, చూసింది. అక్కడే ఉంది ట్రక్కు. పద్దెనిమిది టన్నుల ఇనుము, కింద మందుపాతర పేలినా లోపలివాళ్ళకి ఏమీ కాకుండా సైన్యం చేయించుకున్నది. ఎడమ పక్క కొత్త రంగు, మిగతాదానికంటే కాస్త ఎక్కువ నల్లగా. రెండువేల మంది ఉన్న ఊరికి ఇదెందుకని అడిగినవాళ్ళు అప్పుడు ఎవరూ లేరు. ఆమె కూడా అడగలేదు, ఎంచుకున్నదే ఆమె. సైన్యం తనకు అక్కర్లేని సామానంతా పోలీసులకు ఇస్తుంది, ఆ జాబితా ఒకటి ఉంటుంది, మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ దాన్ని తిరగేయడం మార్లిస్‌కి సరదా. దుప్పట్లు తెప్పించింది. మంచుబూట్లు నలభై జతలు, జనరేటరు, ఇప్పటికీ కాఫీ కాచుకుంటున్న ఆ పెద్ద కెటిల్ తెప్పించింది. డిప్యూటీలు ఆమెను షాపింగ్ మహారాణి అని పిలిచేవాళ్ళు, ఆమె మురిసిపోయేది. ఒకరోజు ఆ జాబితాలో ఇసుక రంగు ట్రక్కు బొమ్మ వచ్చింది. షెరీఫ్ డ్వేన్ ఆమె భుజం మీదుగా వంగి చూసి, "నొక్కు, సరదాకి నొక్కు. మనకెక్కడ ఇస్తారులే," అన్నాడు. ఎందుకు కావాలో రాయమంటే వరదలు, మంచు తుఫానులు అని రాసింది. ఆరు వారాల్లో వచ్చేసింది, తర్వాత నల్లరంగు వేయించారు. రవాణా ఖర్చు తప్ప ఏమీ లేదు, రవాణా ఖర్చూ ఒక షరతూ. వచ్చిన ఏడాదిలోగా ఒక్కసారైనా అసలైన పనిలో వాడాలి. ఊరేగింపు లెక్కలోకి రాదు. బడిపిల్లలకు చూపించడం లెక్కలోకి రాదు. వాడకపోతే వాపసు. ఆమె ఆఫీసు క్యాలెండరులో నవంబరు ఇరవై నాలుగు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న చుట్టింది. ఎర్ర పెన్ను. ఇంట్లో పెన్నులన్నీ వెతికి ఎర్రవి పారేసింది తర్వాత.

ట్రక్కు వచ్చిన రోజు లైల్ చూడటానికి వచ్చాడు. చెవిలో మిషన్లు పెట్టుకునే వచ్చాడు, అంటే ఎవరైనా మాట్లాడితే వినాలనుకున్నాడన్నమాట, మామూలుగా చొక్కా జేబులో వేసుకుని తిరిగే మనిషి. అటువంటి బండిలోనే అఫ్ఘానిస్తాన్‌లో పద్నాలుగు నెలలు డ్రైవరుగా ఉన్నాడు, అటువంటి బండి కిందే ఒకటి పేలి చెవులు పోయాయి. మార్లిస్ భయపడింది చూసి ఏమైపోతాడోనని. ఏమీ కాలేదు. ముసలి గుర్రాన్ని చూసినట్టు చుట్టూ తిరిగాడు, చక్రం మీద అరచేతితో కొట్టాడు, తలుపు కీలు సందులో వేలు పెట్టి కాసింత ఇసుక తీశాడు, పిండికంటే మెత్తటి ఇసుక, ఆమె అరచేతిలో పోశాడు. "ఇంతదూరం వచ్చింది చూడు పాపం," అన్నాడు. తర్వాత గొంతు మార్చి చెప్పాడు, "మార్లీ, ఇది పైన బరువు బండి. పక్కకి ఒరిగిందంటే మళ్ళీ లేవదు. మెత్తటి నేల మీదకి ఎక్కించొద్దని మీవాళ్ళకి చెప్పు. ముందొక మనిషి నడుస్తూ చేతుల్తో దారి చూపించాలి, మేం అట్లాగే చేసేవాళ్ళం." రెండు చేతులూ తల మీదకి ఎత్తి మణికట్లు అడ్డంగా ఆనించి చూపించాడు. "ఇదీ ఆగు అని. ఇది చూస్తే డ్రైవరు ఇంక ఊపిరి కూడా ఆపెయ్యాలి." ఆమె నవ్వి తనూ చేతులెత్తింది. అక్కా తమ్ముడూ ఇద్దరూ కోర్టు వెనక చేతులు తల మీద పెట్టుకుని నిలబడ్డారు, పోస్టాఫీసు ముందు కారులో ఉన్న ఎవరో హారన్ కొట్టి వెక్కిరించారు. ఆ మాట డ్వేన్‌తో చెప్పింది. కచ్చితంగా చెప్పింది. ఎలా చెప్పింది? డోనట్ తింటూ చెప్పింది. మా లైల్ అప్పుడే మీకు పాఠాలు చెప్పేస్తున్నాడు అని చెప్పింది. ఆ ఇసుకని జేబులో వేసుకుంది, కోటుతో పాటు ఉతికేసింది.

"మార్లీ."

"ఊఁ."

"వాడు తలుపులు బిగించుకున్నాడని నేనన్నానా?"

మళ్ళీ అదే ప్రశ్న. ఏడు నెలలుగా అదే. ఖననం నాడు చర్చి వంటింట్లో కాఫీ కప్పులు కడుగుతూ అడిగింది. క్రిస్మస్‌నాడు అడిగింది. పళ్ళ డాక్టరు దగ్గర నోరు సగం మొద్దుబారి ఉండగా అడిగింది. ఎప్పుడూ ఇంతే గొంతు, తాళం ఎక్కడ పెట్టాను అన్నట్టు. ఎనభై ఒకటో ఏడు, కొన్ని మర్చిపోతోంది, గ్యాస్ కట్టెయ్యడం మర్చిపోతోంది, పక్కింటావిడ పేరు మర్చిపోతోంది. ప్రతిసారీ మార్లిస్ అదే జవాబు చెప్పింది, ఇప్పుడూ అదే వచ్చింది నోట్లోంచి, "అవన్నీ ఇప్పుడెందుకమ్మా." అబద్ధం కాదు. అబద్ధం కాదని ఏడు నెలలుగా తనకి తను చెప్పుకుంటోంది. ఈవ్‌లిన్ తల ఊపింది. "అనే ఉంటాను," అంది నెమ్మదిగా, "రికార్డులో ఉందిగా."

రికార్డులో ఉంది. ఫోన్ చేసినవారు: తల్లి. విషయం: తలుపులు బిగించుకున్న వ్యక్తి. అమ్మ అత్యవసర నంబరుకి చేసుంటే మాటలన్నీ టేపు మీద ఉండేవి. అమ్మ ఎప్పుడూ ఆఫీసులో మార్లిస్ బల్ల మీది ఫోనుకే చేస్తుంది, దానికి టేపు లేదు. ఆ ఏడాది అలా నాలుగుసార్లు చేసింది. లైల్ ఫోన్ తియ్యడు, అమ్మ మార్లిస్‌కి చేస్తుంది, మార్లిస్ కోడీని పంపుతుంది, కోడీ మామూలు కారులో కంకర దారి వెంట, అక్కాతమ్ముళ్ళు పెరిగిన ఆ పాత ఇంటికి వెళ్ళి లైల్‌తో కాఫీ తాగి గంటకి తిరిగొచ్చి, "బతికే ఉన్నాడు, పేకాటలో నన్ను చంపాడు," అనేవాడు. నాలుగుసార్లూ అంతే. అయిదోసారి ఆదివారం, పన్నెండూ నలభై. లైల్ వారానికోసారి చర్చి కాగానే అమ్మ దగ్గర భోంచేస్తాడు, ఆరోజు రాలేదు. షెడ్డులో వెల్డింగ్ చేస్తున్నాడు. పక్క పొలం ఆయన బీట్‌దుంపలు తవ్వే యంత్రం విరిగితే అతుకుతూ టైము మర్చిపోయాడు, చప్పుడు పడదని చెవి మిషన్లు తీసి కాఫీడబ్బా మూతలో పెట్టుకున్నాడు. అంతే. లోకంలో ఇంకే బాధా లేదు వాడికి ఆరోజు. కానీ ఆరోజు క్యాలెండరులో పదిహేనో తారీకు. డ్వేన్ చర్చి నుంచి టై వదులు చేసుకుంటూ వచ్చాడు, పక్క జిల్లా నుంచి ఇద్దరు వచ్చి ఉన్నారు, సార్జెంట్ రస్కూ ఇంకొకడూ, కోడీతో కలిసి ట్రక్కు నడపడం నేర్చుకోవడానికి. మార్లిస్ ఫోన్ పెట్టేసి, కోడీని పంపాలి, లైల్ మళ్ళీ ఫోన్ తియ్యట్లేదట, అంది. అక్కడితో ఆగి ఉంటే. ఆగలేదు. "అన్నట్టు ఇంకా తొమ్మిది రోజులే డ్వేన్, ట్రక్కు సంగతి," అంది.

"అయితే ఇవాళే తీద్దాం," అన్నాడు డ్వేన్. "లైల్ ఇల్లేగా, ఎవరికి నష్టం? ఆ బండి గుమ్మం ముందుకొస్తే పొంగిపోతాడు వాడు. లెక్కకి లెక్కా అయిపోతుంది."

మార్లిస్ నవ్వింది. నవ్విన సంగతి ఎవరికీ తెలియదు, జూరీ అడగదు, అయినా మిగతా అన్నిటికంటే అదే ముల్లులా ఉంది, పొట్ట కదిలేలా నవ్వింది, లైల్ మొహం ఎలా పెడతాడో ఊహించుకుని. తర్వాత తెర ముందుకి తిరిగి వివరాలు కొట్టింది. మామూలుగా అయితే "క్షేమం విచారించుట" అని కొడుతుంది. అలా కొడితే ట్రక్కు వాడకం లెక్కలోకి రాదు, పైకి పంపే ట్రక్కు రిపోర్టులో అటువంటి గడే లేదు. ఉన్న గడులు: వరద సహాయం, వారెంటు అమలు, కాల్పులు, తలుపులు బిగించుకున్న వ్యక్తి. "దేంట్లో పెట్టను?" అని అడిగింది. "ఏదో ఒకదాంట్లో పడెయ్ మార్లిస్, నీకు తెలియనిదా," అని డ్వేన్ ఫుట్‌బాల్ ఆట చూసుకోవడానికి ఇంటికి పోయాడు. ఆమె వాటిలో అన్నిటికంటే హాయిగా ఉన్నదాన్ని ఎంచుకుంది. వాడు ఇంట్లోనే ఉన్నాడు, తలుపు వేసుకునే ఉంటాడు, చలికాలం, అందరూ వేసుకునే ఉంటారు. ఆ గడి నొక్కితే కింద ఇంకో రెండు గడులు తెరుచుకున్నాయి. ఇంట్లో తుపాకులు ఉన్నాయా? ఈ జిల్లాలో లేని ఇల్లేది? ఉన్నాయి. సైన్యంలో పనిచేశాడా? చేశాడు. పంపు అని నొక్కింది. కోడీకి లైల్ తెలుసు. సార్జెంట్ రస్క్‌కి తెలియదు. రస్క్ దారిలో తెర చదువుకున్నాడు: తలుపులు బిగించుకున్న వ్యక్తి, మాజీ సైనికుడు, ఆయుధాలున్నాయి, సమాచారం ఇచ్చింది కన్నతల్లి.

పోలీసు భాషలో ఆ మాటలకి లోపలి నుంచి కాల్చగల మనిషి అని అర్థం. అలాంటి మనిషి ఇంటికి కంకర దారిలో, కిటికీలకి ఎదురుగా వెళ్ళరు. అలా వెళ్ళకూడదని వాళ్ళకి నేర్పుతారు. ట్రక్కుని పక్కనుంచి తీసుకెళ్ళి గుమ్మానికి అడ్డంగా పెట్టి, దాని చాటున దిగుతారు. రేడియోలో రస్క్ గొంతు వచ్చింది, ప్రశాంతంగా, "పచ్చిక మీదుగా వెళ్తున్నాం." మార్లిస్ విన్నది. వినగానే ఆమెకి పిల్లి గుర్తొచ్చింది. చిన్నప్పటి బూడిదరంగు పిల్లి, చలికాలమంతా ముందు పచ్చికలో ఒకేచోట పడుకునేది, ఎందుకంటే అక్కడ మంచు నిలవదు, ఊరంతా తెల్లగా ఉన్నా అక్కడ మాత్రం గుండ్రంగా పచ్చటి గడ్డి, వెచ్చగా. ఎందుకు గుర్తొచ్చిందో తెలియలేదు. మైకు మీట మీద వేలుంది. పిల్లి పేరేమిటి, బటన్, నాన్న కేకేసేవాడు, అక్కడ గెంతొద్దు, పిల్లి బరువుకి ఆగుతుంది కానీ మీ బరువుకి ఆగదు, కింద డొల్ల. మూత పాతది. సెప్టిక్ ట్యాంకు. మీట నొక్కి "కోడీ ఆగు" అనేసరికి అవతల నుంచి జవాబు రాలేదు. ఇనుము ఒరిగిన చప్పుడు వచ్చింది, తర్వాత ఎవరో దేవుడా దేవుడా దేవుడా అంటున్నారు. నాలుగు సెకన్లు. పిల్లి కోసం నాలుగు సెకన్లు ఖర్చు పెట్టింది. లైల్‌కి అన్ని సెకన్లు పట్టలేదు. చెవులు వినకపోయినా షెడ్డు నేలలోంచి ఇంజను వణుకు పాదాలకి తగిలి ఉంటుంది, ఆ వణుకు వాడికి తెలుసు. బయటికొచ్చి చూశాడు, ట్రక్కు ఎటు వస్తోందో చూశాడు, పరుగెత్తాడు. ట్రక్కు వైపే పరుగెత్తాడు. చేతులు రెండూ తలమీద అడ్డంగా కట్టి. లోపల రస్క్, "మీదకొస్తున్నాడు, ఆపకు, పోనీ," అన్నాడట. స్టీరింగు దగ్గరున్న కోడీ ఆపాడు, మళ్ళీ పోనిచ్చాడు. ముందు ఎడమ చక్రం కింద నేల విరిగింది, బండి అటే ఒరిగిపోయింది. బెల్టులు పెట్టుకున్న ముగ్గురికీ గీత కూడా పడలేదు, దానికోసమే చేసిన బండి అది. లైల్ ఎడమ పక్కన ఉన్నాడు.

పదహారు రోజులకి పైఆఫీసు నుంచి ఆమెకి ఈమెయిల్ వచ్చింది. వాహనం వాడకం నమోదైంది, షరతు నెరవేరింది, వాహనం మీ జిల్లా దగ్గరే ఉండవచ్చు, ధన్యవాదాలు.

తర్వాత డ్వేన్ ఒకసారే మాట్లాడాడు దాని గురించి, పార్కింగులో, కారు తాళాలు తిప్పుతూ. "నేను రికార్డులో ఏముందో అదే చెప్తాను మార్లిస్. అందరికీ అదే మంచిది. మీ అమ్మని ఎవరూ తప్పుపట్టరు, పెద్దావిడ, కంగారుపడింది." బడిలో ఆమె కంటే ఒక క్లాసు వెనక చదివిన డ్వేన్, చెడ్డవాడు కాదు, ఖననానికి పెట్టె మోశాడు.  నిజం ఆ సాయంత్రం చెప్పొచ్చులే అనుకుంది ఆమె. మర్నాడు. క్రిస్మస్ అయ్యాక. మాట ఒకరోజు ఆగితే రెండోరోజు మరికాస్త బరువెక్కుతుంది, ఏడు నెలలకి దాన్ని ఎత్తడం ఎవరి వల్ల అవుతుంది? ఉద్యోగం పోతుందని కాదు. పోతుంది, పింఛను పోతుంది, అది కాదు. అమ్మకి ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకరు లేరు, రెండోది ఇదీ అని ఎలా చూపించడం?

తలుపు తెరుచుకుంది. కోడీ బయటికొచ్చాడు, టోపీ చేతిలో నలిపి పట్టుకుని. వాళ్ళని చూసి ఆగిపోయాడు, అటు వెళ్ళాలో ఇటు వెళ్ళాలో తెలియనట్టు. ఈవ్‌లిన్ పక్కకి జరిగి బెంచీ మీద చోటు చూపించింది.

"కూర్చో నాయనా. ఇదిగో పిప్పరమెంటు."

"నేను ఆపానమ్మా," అన్నాడు కోడీ. కూర్చోలేదు. "చూశాను, చేతులు చూశాను. రెండు సెకన్లు ఆపాను. ఆ చేతులంటే ఆగమని నాకెవరూ చెప్పలేదు. తలుపులు బిగించుకున్నవాడు అలా బయటికి పరిగెత్తుకొస్తాడా అని కూడా అనిపించింది. అనిపించింది. కానీ తెర మీద అలా ఉంది."

పిప్పరమెంటు తీసుకుని, దాన్ని ఏం చేయాలో తెలియక గుప్పిట్లోనే పెట్టుకుని వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మెట్లు దిగి వినబడకుండా పోయేదాకా ఇద్దరూ అటే చూశారు. పదీ యాభై. లోపల కుర్చీలు జరుపుతున్నారు. ఈవ్‌లిన్ చేతిసంచీ జిప్పు వేసి ఒళ్ళో నిటారుగా పెట్టుకుంది.

"నాకు మతి పోలేదు మార్లీ."

"ఎవరన్నారమ్మా పోయిందని?"

"నేనేమన్నానో అక్షరం అక్షరం గుర్తుంది. అందులో తలుపుల ఊసే లేదు." ఆమె కూతురి వైపు చూడకుండా ఎదుటి గోడతో చెప్పినట్టు చెబుతోంది. "ఏడు నెలల్నుంచి అడుగుతున్నాను. నా సంగతి తేల్చుకోవడానికనుకున్నావా? నువ్వు చెబుతావేమోనని. ఇవాళ చెప్పదు, రేపు చెబుతుందిలే అని."

మార్లిస్ చేతిలో పిప్పరమెంటు కాగితానికి అతుక్కుపోయింది.  అమ్మకి తెలుసు. చర్చి వంటింట్లో తెలుసు, పళ్ళ డాక్టరు దగ్గర తెలుసు, చర్చిలో ఆడవాళ్ళు పాపం ముసలావిడ కంగారులో ఏదో అంది అని ఓదార్చి చెయ్యి నొక్కినప్పుడు తెలుసు, అన్నిచోట్లా తల ఊపి ఊరుకుంది, కొడుకుని చంపిన మాట తనదేనని ఊరంతటినీ అనుకోనిచ్చింది.

"ఎందుకమ్మా, ఎందుకు మోశావు..."

"నువ్వు ఎత్తేదాకా ఎవరో ఒకరు మొయ్యాలిగా," అంది ఈవ్‌లిన్. తర్వాత మామూలు గొంతుతో, "ఇది అయ్యాక నన్ను ఇంటి దగ్గర దింపు. మధ్యాహ్నం తిని వెళ్దువు గాని. ఆదివారం కాకపోయినా పర్లేదు."

తలుపు తెరిచి ఎవరో పేరు పిలిచారు. పూర్తి పేరు, మార్లిస్ జీన్ టోలెఫ్సన్. లేచింది. గదిలో నాలుగు అడుగులు, అందరూ తెలిసిన మొహాలే, జూరీలో మూడో కుర్చీ హైస్కూలు లెక్కల మాస్టారు, అయిదో కుర్చీ పోస్టాఫీసులో స్టాంపులమ్మే ఆవిడ, వెనక వరసలో డ్వేన్, టై బిగించుకుని. చెయ్యెత్తి నిజమే చెబుతానంది. ఎత్తిన చెయ్యి దించుతుంటే అనిపించింది, రెండో చెయ్యి కూడా ఎత్తి అడ్డంగా ఆనిస్తే ఆగు అని, ఊపిరి కూడా ఆపెయ్యమని. దించేసింది. పక్క జిల్లా నుంచి వచ్చిన ప్రభుత్వ వకీలు కాగితం చూసుకుంటూ మర్యాదగానే అడిగాడు. తలుపులు బిగించుకున్న వ్యక్తి అని రికార్డులో ఉంది. ఆ మాటలు మీ అమ్మగారివేనా?

"కాదు," అంది మార్లిస్. "నావి."

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. వకీలు కాగితం మీంచి తల ఎత్తాడు.

"అయితే మీ అమ్మగారు ఫోన్లో ఏమన్నారు?"

స్టెనోగ్రాఫర్ వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి, ఎదురుచూస్తున్నాయి. తెరిచి ఉంచిన తలుపులోంచి నడవాలో బెంచీ కనిపిస్తోంది, బెంచీ మీద చేతిసంచీ నిటారుగా పట్టుకున్న మనిషి. రికార్డులోకి ఎక్కాల్సిన మాటలు, ఏడు నెలలు ఆలస్యంగా, మార్లిస్ ఒక్కొక్కటిగా చెప్పింది, అవి రాసుకునేవాళ్ళకి అందేలా.

"లైల్ ఇంకా రాలేదు మార్లీ, అంది. వాడికని తీసిపెట్టింది చల్లారిపోతోంది, అంది. ఎవరినైనా పంపి, అన్నానికి రమ్మని చెప్పు, అంది."